మచ్చ పడింది, నొప్పి తగ్గింది

నొప్పితో ఒక చిక్కు ఉంది. పడేవాళ్ళకు తప్ప పక్కవాళ్ళకు అది కనబడదు. మెడ పట్టేసి, వెనక్కి చూడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చే స్థితిలో ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ సరిగ్గానే ఉన్నాయంటారు. రోజంతా వంగి నాట్లు వేసిన నడుం, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు బిగుసుకుపోయిన భుజాలు, మగ్గం ముందు కూర్చుని కూర్చుని మొద్దుబారిన వీపు, వీటి బాధను ఏ రిపోర్టూ చూపించదు. వినీ వినీ ఇంట్లోవాళ్ళకు కూడా కొన్నాళ్ళకు అలవాటైపోతుంది. అలాంటి మనిషి వీపు మీద కప్పులు పెట్టి, పది నిమిషాల తర్వాత తీసేసరికి నేరేడుపండు రంగులో గుండ్రటి మచ్చలు తేలాయనుకోండి. తన బాధకు మొదటిసారిగా కంటికి ఆనే గుర్తు దొరుకుతుంది. చూశారా, ఎంత చెడు రక్తం పేరుకుపోయిందో అని కప్పులు పెట్టినవారు చెబితే నమ్మకుండా ఉండటం చాలా కష్టం.

కప్పింగ్ అనీ హిజామా అనీ పిలిచే ఈ వైద్యం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మచ్చ చుట్టూనే తిరుగుతుంది. చేయించుకున్నాక హాయిగా ఉందని చెప్పేవాళ్ళు అబద్ధం ఆడటం లేదు. వాళ్ళ నొప్పి నిజంగానే కొంత తగ్గి ఉంటుంది. అయితే తగ్గించింది ఆ మచ్చ కాదు, అక్కడి నుంచి లాగేశామని చెప్పే చెడూ కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే మచ్చ ఎంత నల్లగా తేలితే అంత గుణమని, రక్తం ఎంత కారితే అంత ఆరోగ్యమని అనుకుంటూ ఉపశమనం కోసం బయల్దేరినవాళ్ళం అపాయం దగ్గర తేలతాం.

ముందు పద్ధతి చూద్దాం. పాత తరహాలో అయితే గాజు కప్పులో స్పిరిట్‌లో తడిపిన దూదిని మండించి, మంట తీసేసిన మరుక్షణం కప్పును వీపు మీద బోర్లిస్తారు. లోపల వేడెక్కిన గాలి చల్లారి కుంచించుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, చర్మం బుడగలా కప్పులోకి లేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల మంట పని లేకుండా ప్లాస్టిక్ కప్పు పెట్టి చేతిపంపుతో గాలి లాగేస్తున్నారు. కప్పులను అలాగే ఉంచితే పొడి కప్పింగ్. వీపుకు నూనె రాసి కప్పును అటూ ఇటూ జరిపితే అది మర్దనలాంటిది. ఒకసారి కప్పు పెట్టి తీసి, ఉబ్బిన చర్మం మీద బ్లేడుతో సన్నసన్నని గాట్లు పెట్టి, మళ్ళీ కప్పు పెట్టి రక్తం లాగితే తడి కప్పింగ్. యునానీలో గాట్లు లేనిదాన్ని హిజామత్ బిలా షర్త్ అని, గాట్లు పెట్టేదాన్ని హిజామత్ బిష్ షర్త్ అని అంటారు. మామూలుగా హిజామా అనగానే జనం మనసులో మెదిలేది ఈ రెండోదే. పొడిదానికీ తడిదానికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ ఒకే గాటన కట్టను.

కప్పు లోపల జరిగేదాన్ని అంకెల్లో పెట్టి చూస్తే మచ్చ గుట్టు తెలిసిపోతుంది. జర్మనీలో జరిగిన ఒక పరీక్షలో కప్పుల్లో ఒత్తిడిని బయటి గాలి కంటే 150 నుంచి 350 మిల్లీబార్ల దాకా తగ్గించారు. 300 మిల్లీబార్లంటే, మనం బీపీ కొలిచే కొలతలో చెప్పుకుంటే, దాదాపు 225. మామూలు మనిషి బీపీ 120/80. చర్మంలో వెంట్రుక కంటే సన్నగా ఉండే రక్తకేశనాళికల్లో ఒత్తిడి 15 నుంచి 35 మధ్యే ఉంటుంది. అంత సన్నని గోడల మీద అంత లాగుడు పడితే కొన్ని చిట్లుతాయి. చిట్లినచోట రక్తం చర్మం కిందికి చేరుతుంది. మోకాలు బల్లకు తగిలితే కమిలిపోతుందే, అచ్చం అదే ఇది. తర్వాత రోజుల్లో ఊదారంగు పచ్చబడి, పసుపుబారి మాయమవడం కూడా అదే తీరు. రక్తంలోని హిమోగ్లోబిన్ విరిగి మొదట ఆకుపచ్చగా, ఆపై పసుపుపచ్చగా ఉండే పదార్థాలుగా మారి ఒంట్లోనే కలిసిపోతుంది. మచ్చ ముదురా లేతా అన్నది కప్పు ఎంత గట్టిగా లాగింది, ఎంతసేపు ఉంది, చర్మం ఎంత పలుచన, వయసెంత అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. నొప్పి లేని చోట పెట్టినా మచ్చ పడుతుంది. వ్యాధే లేని మనిషికి పెట్టినా పడుతుంది.

తడి కప్పింగ్‌లో ఇంకొక దృశ్యం ఉంటుంది. కప్పులో జున్నులా గడ్డకట్టిన నల్లటి రక్తాన్ని రోగికి చూపించి, ఇదే మీ ఒంట్లో పేరుకున్న విషం అంటారు. రక్తం ఒంటి బయటికి వచ్చి కాసేపు నిలిస్తే గడ్డకట్టడం దాని స్వభావం. గడ్డకట్టకపోతే కదా భయపడాలి! ఆ గడ్డకట్టే గుణమే లేకపోతే వేలు తెగిన ప్రతిసారీ ప్రాణం మీదికి వచ్చేది. గాజు కప్పులో చేరిన ఆ ముద్ద, వంటింట్లో కత్తిపీట మీద వేలు తెగితే నేల మీద గడ్డకట్టే చుక్క, రెండూ ఒకటే రక్తం. ఒంట్లో నిజంగా వదిలించుకోవాల్సిన వ్యర్థాలు వీపు చర్మం కింద మూటగట్టి కూర్చోవు. అవి రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంటాయి. వాటిని రాత్రింబవళ్ళు వడగట్టేవి మూత్రపిండాలు, విరిచి పంపేది కాలేయం. ఒకచోట గాటు పెట్టి కొంత రక్తం తీస్తే మంచీ చెడూ విడివిడిగా రావు, అదే పాళ్ళలో కలిసే వస్తాయి.

ఇంత సూటిగా కొట్టిపారేస్తున్నారు, వేల ఏళ్ళుగా నిలిచిన వైద్యం కదా అని అడిగేవారుంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కప్పింగ్ చరిత్ర నిజంగానే పెద్దది, అందులో మన వాటా కూడా ఉంది. సుశ్రుత సంహిత రక్తం తీయడానికి కొమ్మును, జలగను, ఎండిన సొరకాయ బుర్రను చెబుతుంది. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరబుర్ర అని పంచింది కూడా. చైనాలో నాలుగో శతాబ్దానికి చెందిన గె హాంగ్ రచనల్లో కొమ్ములతో పీల్చే పద్ధతి కనిపిస్తుంది. గ్రీకు వైద్యం కప్పులను ఎంతగా నమ్ముకుందంటే, వైద్యుడి గుర్తుగా ఆ కప్పు బొమ్మనే చెక్కేవారు. ఆ గ్రీకు వైద్యమే అరబ్బుల చేతుల్లో పెరిగి యునానీగా మన దగ్గరికి వచ్చింది. యునానీ అనే మాటకే గ్రీకులది అని అర్థం. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి ఆ సంప్రదాయానికి నిలువెత్తు గుర్తు. రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం అనే నాలుగింటి తూకం తప్పితే జబ్బు, తూకం సరిచేస్తే ఆరోగ్యం అన్నది ఆ వైద్యానికి పునాది. రోగాణువులు తెలియని, రక్తప్రసరణ తెలియని కాలంలో ఆ ఊహ తెలివైనదే. ఎక్కువైనదాన్ని తీసేద్దాం అనుకోవడంలో తర్కం లేకపోలేదు.

అయితే పాతదనం ఒక వైద్యం జనంలో నిలిచిందని మాత్రమే చెబుతుంది. నయం చేస్తుందని చెప్పదు. దీనికి రక్తం తీసే వైద్యం కంటే గట్టి సాక్ష్యం లేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో పారిస్ వైద్యులు జ్వరానికీ దగ్గుకూ అన్నిటికీ రక్తం తీసేవారు. బ్రూసే అనే వైద్యుడి ప్రభావంతో జలగల వాడకం ఎంత ముదిరిందంటే, 1833లో ఒక్క ఫ్రాన్సే నాలుగు కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది. అదే నగరంలో పియెర్ లూయీ అనే మరొక వైద్యుడు ఎవరూ చేయని పని చేశాడు. లెక్కపెట్టాడు. న్యుమోనియా వచ్చిన 77 మంది వివరాలు ముందు వేసుకుని, జబ్బు మొదలైన తొలి నాలుగు రోజుల్లోనే రక్తం తీసిన 41 మందిలో 18 మంది చనిపోయారని, తర్వాత ఎప్పుడో తీసిన 36 మందిలో చనిపోయినవారు 9 మందేనని చూపించాడు. ఎంత త్వరగా రక్తం తీస్తే అంత మంచిదని రెండు వేల ఏళ్ళుగా నమ్మిన మాట ఒక చిన్న పట్టిక ముందు నిలబడలేకపోయింది. ఆయన లెక్కలో ఇప్పటి ప్రమాణాలతో చూస్తే లోపాలున్నాయి. అలాగని రక్తం తీసిన ఆ వైద్యులు మోసగాళ్ళు కారు. కళ్ళ ముందు బాగుపడినవాళ్ళను గుర్తుపెట్టుకుని, బాగుపడనివాళ్ళను జబ్బు ముదిరిందని సరిపెట్టుకున్న మంచి మనుషులు. మనమందరం చేసేది అదే. అందుకే అనుభవంతో పాటు లెక్క కూడా కావాలి.

హిజామా ముస్లింలకు మతపరంగా కూడా ముఖ్యమైనది, హదీసుల్లో దాని ప్రస్తావన ఉంది. ఆ విశ్వాసంతో చేయించుకునేవారి భక్తిని తూచడానికి ఏ ప్రయోగశాలకూ హక్కు లేదు, నేనూ ఆ పని చేయను. నేను మాట్లాడుతున్నది మెడ నొప్పి, నడుం నొప్పి తగ్గుతాయన్న మాట గురించి మాత్రమే. ఆ మాట ఎవరన్నా, ఏ మతం వారన్నా, ఏ వైద్యం వారన్నా దాన్ని ఒకే తక్కెడలో వేసి చూడాలి.

మరి నొప్పి ఎందుకు తగ్గుతుంది? పిల్లవాడు పడి మోకాలు కొట్టుకుంటే తల్లి ముందు చేసే పని ఆ చోట గట్టిగా రుద్దడం. అలా రుద్దితే నొప్పి ఎందుకు మందగిస్తుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతంతో వివరించారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక వాకిలి లాంటిది ఉంది. స్పర్శ, ఒత్తిడి, లాగుడు తెచ్చే సంకేతాలు దండిగా వస్తే ఆ వాకిలి కొంత మూసుకుంటుంది. కప్పు చర్మాన్ని పది నిమిషాలపాటు లాగి పట్టుకోవడం అంటే అలాంటి సంకేతాలను వెల్లువలా పంపడమే. దానికి తోడు ఒకచోట చిన్న నొప్పి కలిగిస్తే, ఇంకొకచోటి నొప్పిని మెదడు కాసేపు తగ్గించి చూపే ఏర్పాటు కూడా నరాల్లో ఉంది. కప్పు కింద రక్తం పారుదల పెరిగి ఆ చోటు వెచ్చబడుతుంది. ఇవన్నీ నిజమే. బిగుసుకున్న కండరానికి ఇంకొక గుణం ఉంది. నొప్పి పుట్టినచోట కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది, ఆ బిగుతు మళ్ళీ నొప్పి పుట్టిస్తుంది, కదలాలంటే భయం పట్టుకుంటుంది. కాసేపు నొప్పి మందగిస్తే ఆ పీటముడి కొంచెం సడలుతుంది. వేడినీళ్ళ కాపడం, బామ్ రాయడం, చేతితో మర్దన చేయడం కూడా చేసేది చాలావరకు ఇదే. ఇందులో కప్పుకు మాత్రమే ఉన్న ప్రత్యేక శక్తి ఏమైనా ఉందా అన్నదే తేలాల్సిన ప్రశ్న.

దాన్ని తేల్చాలంటే ఒక ఉపాయం కావాలి. మందు పరీక్షించేటప్పుడు మందు లేని బిళ్ళ ఇచ్చి పోల్చినట్టు, లాగని కప్పు పెట్టి పోల్చాలి. కానీ కప్పు పట్టుకుందో లేదో రోగికి తెలిసిపోతుంది కదా! పరిశోధకులు దీనికి తెలివైన పరికరం చేశారు. చూడటానికి అచ్చం అదే కప్పు. కంటికి ఆనని చిన్న బెజ్జం ఉంటుంది. పెట్టగానే చర్మాన్ని లాగినట్టే ఉంటుంది, కొన్ని క్షణాల్లో బెజ్జం గుండా గాలి చేరి పట్టు వదిలేస్తుంది. కప్పు మాత్రం అంటుకునే ఉంటుంది. జర్మనీలో ఒళ్ళంతా కండరాల నొప్పులతో బాధపడే ఫైబ్రోమయాల్జియా రోగులు 141 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు అసలు కప్పులు, ఒకదానికి బెజ్జం కప్పులు, మూడోదానికి మామూలుగా వాడుకునే వైద్యమే. 2016లో వెలువడిన ఫలితం ఇది: మూడో జట్టుతో పోలిస్తే కప్పులు పెట్టించుకున్నవారికి నొప్పి తగ్గింది. అసలు కప్పులను బెజ్జం కప్పులతో పోలిస్తే తేడా లేదు. 2018లో అదే దేశం నుంచి, దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 110 మందితో మరొక పరీక్ష వచ్చింది. ఒక జట్టుకు గట్టి లాగుడు, ఇంకొక జట్టుకు 70 మిల్లీబార్ల నామమాత్రపు లాగుడు, మూడో జట్టుకు అవసరమైనప్పుడు పారాసిటమాల్ మాత్రం. నాలుగు వారాలకు రెండు కప్పు జట్లలోనూ మూడో జట్టు కంటే నొప్పి తగ్గింది. గట్టిగా లాగినవారికీ మెల్లగా లాగినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2021లో బ్రెజిల్ పరిశోధకులు 90 మంది నడుం నొప్పి రోగులకు వారానికి ఒకసారి చొప్పున ఎనిమిది వారాలు పెట్టి చూశారు. అక్కడా బెజ్జం కప్పుల కంటే అసలు కప్పులు మెరుగనిపించలేదు.

ఈ మూడు పరీక్షలనే ఎందుకు ఎంచుకున్నారు, కప్పింగ్ పనిచేస్తుందని చెప్పే అధ్యయనాలు వందల్లో ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. 1992 నుంచి 2010 దాకా వచ్చిన 135 పరీక్షలను చైనా పరిశోధకులు 2012లో ఒకచోట చేర్చి పరిశీలించారు. సర్పి (హెర్పిస్ జోస్టర్), మొటిమలు, ముఖ పక్షవాతం, మెడ ఎముకల అరుగుదల వంటివాటిలో ఇతర వైద్యానికి తోడుగా చేస్తే మేలు ఉండవచ్చని తేల్చారు. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం నాణ్యత తక్కువవని కూడా వాళ్ళే ఒప్పుకున్నారు. కప్పులు పెట్టినవారిని ఏమీ పెట్టనివారితో పోలిస్తే కప్పు గెలుస్తుంది. ఎవరో శ్రద్ధగా ఒళ్ళు పట్టి, అరగంట మన బాధ విని, వీపు మీద చేయి వేసి చేసిన ఏ పనైనా ఏమీ చేయకపోవడం మీద గెలుస్తుంది. అందువల్ల వంద బలహీనమైన పరీక్షల కంటే, బెజ్జం కప్పుతో పోల్చిన ఒక్క పరీక్షే మన ప్రశ్నకు దగ్గరగా జవాబిస్తుంది.

ఇక్కడ కప్పింగ్ చేసేవారి నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. బెజ్జం కప్పు కూడా కొన్ని క్షణాలు లాగుతుంది కదా, 70 మిల్లీబార్లు కూడా లాగుడే కదా, అది ఉత్త బూటకం ఎలా అవుతుంది, తక్కువ మోతాదు వైద్యమే అవుతుంది అంటారు. నాకు ఈ మాటలో న్యాయం కనిపిస్తుంది. స్పర్శతో పనిచేసేవాటికి ఏ గుణమూ లేని నకిలీని తయారుచేయడం దాదాపు అసాధ్యం. కానీ ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటే ఏం జరుగుతుందో చూడండి. మచ్చ పడని మెత్తటి స్పర్శ, నల్లగా కమిలేలా లాగినంత మేలూ చేస్తోందని ఒప్పుకున్నట్టే. అప్పుడు గట్టిగా లాగాల్సిన అవసరం ఏముంది? మచ్చ ముదురుదనం ఏం కొలుస్తోంది? గాట్లు పెట్టి రక్తం తీయడానికి కారణమేమిటి? కప్పింగ్‌ను నిలబెట్టడానికి తెచ్చిన వాదన చెడు రక్తం మాటను మొదలంటా పెకలిస్తోంది.

అంకెలన్నీ అలా ఉంచండి, నాకు తగ్గింది అనే మాట మిగిలే ఉంటుంది. అన్నిటికన్నా బలమైనదీ అదే. కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు రాలిందనుకుంటామని మన పెద్దలు ఎప్పుడో కాకతాళీయ న్యాయం చెప్పారు. కండరాల నొప్పికి ఆటుపోట్లు ఉంటాయి. కొత్తగా పట్టేసిన నడుం చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పాత నొప్పి కూడా కొన్నాళ్ళు పెరిగి కొన్నాళ్ళు తగ్గుతుంది. మనిషి వైద్యానికి ఎప్పుడు వెళతాడు? ఓర్చుకోలేనంత పెరిగినప్పుడు. అంటే ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, నొప్పి దిగడానికే ఎక్కువ అవకాశం. ఆ దిగే సమయంలో వీపు మీద ఏది ఉంటే దానికే పేరు వస్తుంది. అందులోనూ వారం పది రోజులు అద్దంలో కనబడే మచ్చ ఉంటే ఇంక చెప్పేదేముంది!

ఆటగాళ్ళ ఉదాహరణ దీనికి పొడిగింపే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు వలయాలు చూశాక ప్రపంచమంతటా కప్పింగ్ పేరు మోగిపోయింది. ఆ ఆటల్లో అతను ఐదు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు మూడు ఒలింపిక్స్‌లో గెలిచినవి పద్దెనిమిది. అతని వెనక చిన్ననాటి నుంచి సాగిన సాధన, శిక్షకులు, తిండి, నిద్ర, అరుదైన శరీరం ఉన్నాయి. కప్పులు అతనికి హాయినిచ్చి ఉంటాయి, అది చాలా విలువైనదే. పతకానికీ వలయానికీ ముడి వేయడానికి మాత్రం ఆధారం లేదు.

మనసుకు నమ్మకం కలిగి నొప్పి తగ్గితే తప్పేమిటి అన్నది చివరగా వచ్చే ప్రశ్న. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా మంచి ప్రశ్న. నమ్మకంతో తగ్గిన నొప్పి ఉత్తుత్తి నొప్పి కాదు, ఆ తగ్గడమూ ఉత్తుత్తిది కాదు. పోర్చుగల్‌లో దీర్ఘకాల నడుం నొప్పి రోగులకు, ఈ బిళ్ళల్లో మందేమీ లేదని ముందే చెప్పి మరీ మూడు వారాలు ఇచ్చి చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవారి కంటే వాళ్ళకు నొప్పి తగ్గినట్టు 2016లో వెలువడిన పరిశోధన చూపింది. ఆశ, శ్రద్ధ, స్పర్శ కూడా మనిషిని బాగుచేసే సాధనాలే. అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషి, తెలిసిన చేతుల్లో, మెత్తగా పొడి కప్పింగ్ చేయించుకుని హాయిపడితే నేను వద్దనను. మర్దనకు ఇచ్చే చోటే దానికీ ఇవ్వాలి. అయితే హాయి కోసం చేసే పనిలో అపాయం అసలే ఉండకూడదన్నంత తక్కువగా ఉండాలి. తడి కప్పింగ్ ఆ షరతు దగ్గరే తప్పిపోతుంది.

మన రాష్ట్రాల సంగతే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే నడుం నొప్పి అంటూ వచ్చే ప్రతి ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరి కంటే ఎక్కువ మందికి ఉండాల్సిన రక్తమే లేదు. రక్తం చాలక వచ్చే నీరసం, ఒళ్ళు నొప్పులతో వచ్చిన మనిషికి గాట్లు పెట్టి ఉన్న రక్తం తీయడం కంటే తలకిందులైన వైద్యం ఇంకొకటి ఉంటుందా? పదేపదే తడి కప్పింగ్ చేయించుకుని తీవ్రమైన రక్తహీనతలోకి జారినవారి గురించి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. గాట్లతో వచ్చే రెండో భయం అంటువ్యాధులు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతికే ఉండగలదు. బ్లేడు మార్చి కప్పు మార్చకపోతే జాగ్రత్త సగమే. బీహార్‌లోని మోతిహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ 1929లో పారిస్‌లో ఒక ధర్మాసుపత్రిలో చేరినప్పుడు, ఎదుటి మంచం రోగికి పెట్టిన గాజు కప్పులనే శుభ్రం చేయకుండా తెచ్చి తనకూ పెట్టారని 1946లో రాశాడు. దాదాపు వందేళ్ళ కిందటి ఆ దృశ్యం ఇప్పుడు మన ఊళ్ళలో ఏ గదిలోనూ జరగకుండా చూసుకోవాల్సింది కప్పులు పెట్టేవారే కాదు, అడగాల్సింది మనం కూడా. కప్పు కొత్తదా, బ్లేడు మన కళ్ళ ముందే చించారా, చేతికి తొడుగు ఉందా, వీరికి యునానీలోనో ఆయుర్వేదంలోనో పట్టా ఉందా అని అడగడం అమర్యాద కానేకాదు.

గుండెకో మెదడుకో సంబంధించిన జబ్బుతో రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, రక్తం గడ్డకట్టని లోపం ఉన్నవారు, రక్తహీనత ఉన్నవారు తడి కప్పింగ్ జోలికి పోకూడదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి మంట కప్పుతో కాలినా తెలియదు. గర్భిణులు, ఉబ్బిన సిరలు ఉన్నవారు, పుండ్లు, దద్దుర్లు ఉన్నవారు పొడిదానికి కూడా దూరంగా ఉండటం మేలు. గాయం మానినచోట చర్మం ఉబ్బి గడ్డలా పెరిగే తత్వం ఉన్నవారికి గాట్ల మచ్చలు జీవితాంతం మిగలవచ్చు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆలస్యం. నడుం నొప్పితో పాటు కాలు పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కింద పడ్డాక మొదలైనా, అది బిగుసుకున్న కండరం కాకపోవచ్చు. ఎడమ భుజం లాగుతూ ఛాతీ బరువెక్కితే, చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు. వీటిలో దేనికీ కప్పు దగ్గర గడిపే సమయం ఉండదు.

ఇంగ్లీషు మందుల వల్ల మాత్రం నష్టం లేదా అని ఇక్కడ కొందరు నిలదీస్తారు. ఉంది. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగే నొప్పి బిళ్ళలు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కప్పింగ్ వల్ల ఒక మనిషి ఆ బిళ్ళలు తగ్గించుకోగలిగితే అది లాభమే. కానీ బిళ్ళ చెడ్డదన్నంత మాత్రాన గాటు మంచిదైపోదు. పోల్చాల్సినది ఈ రెండింటినీ కాదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. అంతమంది బాధ మీద జరిగిన పరిశోధన మళ్ళీ మళ్ళీ చూపించేది ఒకటే. మంచం పట్టకుండా కదలడం, నడవడం, వీపు, పొట్ట కండరాలకు కొద్దికొద్దిగా పని పెంచడం, నిద్ర. ఇవి మెల్లగా పనిచేస్తాయి, కానీ నిలుస్తాయి. కప్పు ఇచ్చే రెండు రోజుల హాయిని ఆ నడక మొదలుపెట్టడానికి వాడుకుంటే సార్థకమే. నడకకు బదులుగా వాడుకుంటే మళ్ళీ మళ్ళీ కప్పు దగ్గరికే రావాల్సి వస్తుంది.

కప్పింగ్ మీద జర్మనీలో జరిగిన మరొక పరీక్ష నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. 2013లో వెలువడింది. దీర్ఘకాలంగా మెడ నొప్పి ఉన్న 61 మందిలో కొందరికి ఇంట్లోవాళ్ళ చేతే కప్పుతో మర్దన చేయించారు. మిగతావారికి కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే సాధన నేర్పించారు. అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే వైద్యుడు వందేళ్ళ కిందట రూపొందించిన పద్ధతి అది. పన్నెండు వారాలకు నొప్పి తగ్గడంలో రెండు జట్ల మధ్యా తేడా లేదు. కప్పు జట్టువారికి మొత్తం మీద కాస్త హాయిగా అనిపించింది, ఇంట్లోవారి చేయి పడటంలో ఉన్న గుణమేమో అది. జేకబ్సన్ సాధనకు మాత్రం కప్పు అక్కర్లేదు, చేసేవారు అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని రెండు భుజాలను చెవుల దాకా ఎత్తి, గట్టిగా బిగించి, ఐదారు లెక్కపెట్టి, ఒక్కసారిగా వదిలేయాలి. వదిలాక భుజాలు ఎంత కిందికి దిగాయో గమనిస్తూ కాసేపు ఊరుకోవాలి. తర్వాత మెడ, ఆ తర్వాత వీపు.